రాత్రి పూసే జెముడును పగలు పూయించబోయి

బోటనీ ల్యాబ్ తాళంచెవి ఇచ్చేటప్పుడు మీకు బీకర్లు అప్పజెబుతారు, మైక్రోస్కోపు అద్దాలు ఎలా తుడవాలో చూపిస్తారు. ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఉద్యోగంలో సగం పని మొక్కలను పద్ధతిగా చంపడం. ఉల్లిగడ్డ వేరు కొసలను స్పిరిట్‌లో వేయాలి. ఆకులను పాత పేపర్ల మధ్య అదిమి ఎండబెట్టాలి. పువ్వులను ఫార్మలిన్ సీసాల్లో ముంచాలి. మొక్కలంటే ప్రాణమని చెప్పుకుని చేరినవాడికి ఇది మొదటి నెలలోనే తెలిసిపోతుంది. నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. కొత్తగా ల్యాబ్‌లోకి వచ్చేవాళ్లకు అంత ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

నా పేరు యాదగిరి. సొంతూరు లింగాల ఘనపూర్ దగ్గర. జనగామలో, మహబూబాబాద్‌లో, చివరికి భూపాలపల్లిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ల్యాబ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది. నేను ఆపలేదు, పరీక్షలు ఆపాయి. ఆ తరువాతి చదువంతా జనగామ లైబ్రరీలోనే. ఫ్యాను కింది కుర్చీ కోసం పేపర్ చదివే పెద్దమనుషులతో పోటీ పడి కూర్చుని, ఎవరూ ముట్టని వృక్షశాస్త్రం అలమారాను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివాను. అర్థమైనవి ఒకసారి, అర్థం కానివి రెండుసార్లు. అందువల్ల నాకు అర్థం కానివే ఎక్కువ గుర్తున్నాయి. పేరు తెలిస్తే మొక్క తెలిసినట్టేనన్న నమ్మకం కూడా అక్కడే ఏర్పడింది. లైబ్రరీ అటెండర్లు నన్ను "డాక్టర్ సాబ్" అని వెక్కిరిస్తుంటే, పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాణ్ని.

ప్రమోషన్ల గురించి, సర్వీసు కాగితాల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఒక్కటీ లేదు.

అలమారాలో పేషెంటు

జనగామలో నా మొదటి పై అధికారి వసుంధర మేడం. ఆమె నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఏదైనా తప్పు చేస్తే ఒక్క వాక్యం అనేవారు. దాన్ని అరిగించుకోవడానికి వారం పట్టేది.

కాలేజీకి హెర్బేరియం ఉంటుంది. అంటే ఎండబెట్టిన మొక్కలను మందపాటి అట్టల మీద అతికించి, పేరు రాసి దాచే అలమారా. ఒకసారి దానికి నాగజెముడు కావలసి వచ్చింది. ఊరి బయట కంచె నుంచి ఒక మట్ట కోసుకొచ్చి, అన్ని మొక్కలకూ చేసినట్టే పేపర్ల మధ్య పెట్టి, తాళ్లు బిగించి, పైన ఇటుకలు పేర్చాను. కొన్ని వారాలకు చూస్తే పల్చబడి, తోలు ముడతలు పడి, చక్కగా చచ్చినట్టే కనిపించింది. అట్ట మీద అతికించాను. కింద నా ముత్యాల్లాంటి అక్షరాలతో లాటిన్ పేరు రాశాను. అలమారాలో పెట్టాను.

వానలు పడ్డాక మేడం ఏదో మొక్క కోసం అలమారా తెరిచారు. నా నాగజెముడు మట్ట చివరి నుంచి బొటనవేలంత పచ్చటి పిల్ల మట్ట ఒకటి పుట్టుకొచ్చి, పైన ఉన్న అట్టను నెట్టుకుంటూ లేస్తోంది.

మేడం అట్టను బయటికి తీశారు. "యాదగిరీ, నువ్వు అతికించింది శవాన్ని కాదు, పేషెంటును," అన్నారు.

జెముడు తన ఒంట్లో నీళ్లు దాచుకుంటుంది. వేరు లేకున్నా, మట్టి లేకున్నా, మీద ఇటుకలున్నా నెలల తరబడి తనను తానే తిని బతుకుతుంది. దాన్ని నిలువునా చీల్చి, లోపలి గుజ్జు తీసి, మరిగే నీళ్లలో ముంచాకే పేపర్ల మధ్య పెట్టాలి. ఇది మేడం చెప్పారు. నేను చదివిన పుస్తకంలో కూడా ఉందట, ఆ తరువాతి పేజీలో.

పాలుంటే ఒక వంశం, లేకుంటే ఇంకో వంశం

మనం జెముడు అనే ఒక్క మాటతో రెండు వేరువేరు వంశాలను పిలుస్తాం. కొత్తగా చేరినవాళ్లు మొదట ఇక్కడే పడతారు. బొమ్మజెముడును గిచ్చితే పాలు వస్తాయి. దాని ముళ్లు జంటలుగా ఉంటాయి. అది మన నేల మొక్క, కాక్టస్ కాదు. నాగజెముడును గిచ్చితే పాలు రావు. దాని ముళ్లు మెత్తటి చిన్న దిండు లాంటి చుక్కలోంచి గుత్తిగా వస్తాయి. ఆ చుక్క ఉంటేనే కాక్టస్. అది సముద్రాలు దాటి వచ్చి మన కంచెల మీద స్థిరపడ్డ మొక్క. ముళ్లు ఒకేలా ఉన్నాయి కదా అని చుట్టరికం కలపకూడదు.

ఇది విద్యార్థులకు చూపిస్తూ ఒకసారి బొమ్మజెముడును గిచ్చి, అదే చేత్తో చెమట తుడుచుకున్నాను. కన్ను ఉల్లిగడ్డలా వాచింది. దవాఖానలో డాక్టరు ఏమైందని అడిగితే ఆ నొప్పిలోనూ మొక్క లాటిన్ పేరు స్పష్టంగా చెప్పాను. ఆయన చీటీ మీద "ఏదో చెట్టు పాలు" అని రాసుకున్నాడు.

శాస్త్రంలో పేరు పెట్టే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. మనం ముందు ఇంటిపేరు చెప్పి తరువాత పేరు చెబుతాం. మొక్కలకూ అంతే. ముందు ప్రజాతి, అది ఇంటిపేరు. తరువాత జాతి, అది సొంత పేరు. ఇంటిపేరు తప్పు పట్టారంటే వేరేవాళ్ల ఇంటికి పోయి భోజనానికి కూర్చున్నట్టే. నేను కూర్చున్నాను. ఆ కథే ఇప్పుడు.

డోర్నకల్ నుంచి వచ్చిన పిలక

మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. అక్కడి కాలేజీలో మా ల్యాబ్ స్టూళ్లు బాగుచేసే వడ్రంగి యాకూబ్ భాయ్. ఇల్లు డోర్నకల్‌లో, రైల్వే క్వార్టర్ల పక్కన. ఒకరోజు రంపంతో పాటు సంచిలో ఒక చిన్న ముళ్ల ఉండ తెచ్చాడు. నిమ్మకాయంత ఉంది.

"తీస్కో సాబ్. రాత్రి పూస్తది. తెల్లారి లేచి సూస్తే ఖతం."

"గంత మంచిదైతే ఇంట్లనే పెట్టుకోరాదా భాయ్?"

"మా ఇంటామె పరేషాన్ చేస్తున్నది. బట్టలారేస్తే కొంగుకు గుచ్చుకుంటున్నదంట. నువ్వంటే సదువుకున్నోడివి, నీకు గుచ్చుకోదు."

గుచ్చుకుంది. అయినా కుండీలో నాటాను. ఎండకు మాడుతుందని, పిల్లలు పీకేస్తారని, ల్యాబ్ లోపల హెర్బేరియం అలమారా పక్కన పెట్టాను. అక్కడొక కిటికీ ఉంది కానీ దానికి ఎదురుగా నీళ్ల ట్యాంకు. వెలుతురు రావాలంటే ట్యాంకును అడిగి రావాలి. ఆ నీడలో నా మొక్క ఏళ్లు గడిచేకొద్దీ సన్నగా, నిటారుగా, నా బొటనవేలంత లావున జానెడు పొడవు పెరిగింది. ఎంత నాజూగ్గా ఉందో అని మురిసిపోయాను. పువ్వు మాత్రం పూయలేదు.

పువ్వు లేకుండా కాక్టస్ పేరు తేల్చకూడదు. ఈ మాట చెప్పిన పుస్తకాన్నే పక్కన పెట్టుకుని నేను పేరు తేల్చాను. మొక్కల పేరు పట్టే పుస్తకాల్లో వరుసగా ప్రశ్నలుంటాయి, ఒక్కో ప్రశ్నకు రెండు దారులు. కాండం బంతిలా ఉందా, సన్నటి స్తంభంలా ఉందా? నా ఎదురుగా ఉన్నది సన్నటి స్తంభమే. ఆ దారి పట్టాను. మొక్క చిన్నదా? చిన్నదే. రాత్రి పూస్తుందా? యాకూబ్ భాయ్ చెప్పాడు కదా. డోర్నకల్ జంక్షన్‌లో తప్పు బండి ఎక్కితే తరువాతి స్టేషన్లన్నీ వరుస తప్పకుండా వస్తూనే ఉంటాయి, కాకపోతే అవి వేరే లైనువి. నా బండి చివరికి సెటియెకినాప్సిస్ అనే స్టేషన్లో ఆగింది. ఆ ఇంటిపేరుతో ప్రపంచంలో ఒకే ఒక్క మొక్క ఉందని పుస్తకం చెప్పింది. అది మా ల్యాబ్‌లో ఉందని నేను చెప్పాను.

ఎవరికి చెప్పానంటే మా హెడ్ సుబ్బారావు సార్‌కు. ఆయనది తెనాలి. మంచి మనిషి, పాఠం బాగా చెబుతాడు, తొందరెక్కువ. విన్న వెంటనే కుర్చీలోంచి లేచాడు.

"ఒకే ఒక్కటా? ప్రపంచం మొత్తానికా? ఏవయ్యా యాదగిరీ, ఇన్నాళ్లూ చెప్పవేం!"

నేను వినయంగా తలవంచుకున్నాను. అంత వినయం నాకు మళ్లీ కుదరలేదు.

శారద మేడం కొలువు

సార్ తొందరకు కారణం ఉంది. మా కాలేజీలో బోటనీ గ్రూపులో చేరేవాళ్లు తగ్గిపోయారు. గ్రూపు ఉంచాలా, ఎత్తేయాలా చూడడానికి పైనుంచి కమిటీ రాబోతోంది. ఎత్తేస్తే సుబ్బారావు సార్‌ను ఇంకో కాలేజీకి పంపుతారు, ఆయనకు పోయేదేమీ లేదు. నన్ను ఆఫీసులో ఫైళ్ల దగ్గర కూర్చోబెడతారు. ఇంటికి పోయేది ఒక్క శారద మేడం.

ఆమె కాంట్రాక్టు లెక్చరర్. కొడకండ్ల అవతలి తండా నుంచి వచ్చి, మహబూబాబాద్‌లో గది తీసుకుని ఉండేది. వయసులో నాకు చాలా చిన్న, అందుకని నన్ను అన్నా అనేది. పిల్లలు ల్యాబ్‌లో ఏదైనా అడిగితే జవాబు చెప్పేది కాదు. బ్లేడు చేతికిచ్చి "కోసి చూడుండ్రి" అనేది. నాకది నచ్చేది కాదు. జవాబు నాకు తెలిసి ఉండేది, చెప్పడానికి అవకాశం ఉండేది కాదు.

కమిటీ కబురు విన్న రోజు ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మా యాడికి సర్కారు కొలువని చెప్పిన అన్నా. కాంట్రాక్ట్ అంటే ఏందో చెప్పలే. ఇప్పుడు ఊడిందంటే ముందుగాల కాంట్రాక్ట్ సంగతి చెప్పాలె, తర్వాత ఊడిన సంగతి చెప్పాలె."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను ధైర్యం చెప్పాను. "మీరు రంది పడకుండ్రి మేడం. మన దగ్గర సెటియెకినాప్సిస్ ఉన్నది," అన్నాను. సుబ్బారావు సార్ అప్పటికే కమిటీలోని ప్రొఫెసరు గారికి ఫోన్ చేసి మొక్క సంగతి చెప్పేశాడు. ఆయన జీవితమంతా కాక్టస్‌ల మీదే పనిచేసిన మనిషట. తప్పకుండా చూస్తానన్నాడట.

సమ్మెలో కూర్చున్న మొక్క

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, కాలేజీలు, బొగ్గు గనులు అన్నీ బంద్. కమిటీ వాయిదా పడింది. సుబ్బారావు సార్ తెనాలి వెళ్లాడు. మేమంతా కాలేజీ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. మా టెంటుకు పెద్ద, రికార్డ్ అసిస్టెంట్ కొమురెల్లి. నియమం అంటే నియమమే అనే మనిషి. మొక్కకు నీళ్లు పోసి వస్తానని తాళంచెవి తీసుకుని లేచాను.

"ఏడికి?" అన్నాడు.

"ల్యాబ్‌ల మొక్కకు నీళ్లు పోసొస్త."

"నీళ్లు పోసుడు నీ డ్యూటీయేనా?"

"డ్యూటీ కాదన్నా, నా ఇష్టంతోని పోస్త."

"డ్యూటీ అయితే సమ్మె ఇరిగినట్టు. డ్యూటీ కాకుంటే నీకు లోపల పనేంది?"

తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాను. చివరికి ఆయనే దారి చెప్పాడు. "పోయి బయటకు పట్టుకరా. చెట్టు గూడ మనతోని కూసుంటది."

అలా మా మొక్క సమ్మెలో చేరింది. ఎవరో కుండీకి జై తెలంగాణ రిబ్బన్ కట్టారు. పొద్దంతా ఎండ, అప్పుడప్పుడు వాన, ఛాయ్ గ్లాసులు కడిగిన నీళ్లు. మొదట ఒక పక్క తోలు కాలి గోధుమ రంగుకు తిరిగింది. మాడిపోతోందని నేను బాధపడుతుంటే "అందరం మాడుతున్నం, అదొక్కటే ఎందుకు సుఖపడాలె?" అన్నాడు కొమురెల్లి.

సమ్మె సాగేకొద్దీ మొక్క కొసన కొత్త పెరుగుదల మొదలైంది. దాన్ని ముందుగా గమనించింది శారద మేడం.

"యాదగిరన్నా, మీ చెట్టుకు తల లావైతున్నది."

"నీళ్లెక్కువైనయి మేడం. వాపు."

"వాపైతే మెడకు గూడ రావాలె గదా?"

వంగి చూశాను. బొటనవేలంత మెడ మీద బత్తాయంత తల. కింద నీడలో పెరిగిన భాగం సన్నగా పాలిపోయి ఉంటే, పైన ఎండలో పెరిగిన భాగం గుండ్రంగా, ముదురు పచ్చగా, గట్లు తేలి ఉంది. గడ్డపార మీద గుమ్మడికాయ పెట్టినట్టుందని కొమురెల్లి అన్నాడు. టెంటంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాసేపే. చీకట్లో మొలిచిన పెసరగింజ తెల్లగా, పొడవుగా సాగడం మేమే పిల్లలకు ప్రయోగం చేసి చూపిస్తాం. అదే ప్రయోగం ఈ మొక్క మీద ఏళ్ల తరబడి నేనే చేసి, వచ్చిన ఆకారానికి ప్రపంచంలో ఒక్కటే అని పేరు పెట్టాను.

కొన్నాళ్లకు మొగ్గ వచ్చింది. ఆ ఒక్కటేదాని పువ్వు కాండం కొసన రావాలి. ఈ మొగ్గ పక్క నుంచి, పాత ముళ్ల చుక్కలోంచి, బూడిదరంగు నూగుతో పొడుచుకొచ్చింది. ఇది పక్కా ఎకినాప్సిస్. రైల్వే క్వార్టర్ల గోడల మీద, పాత డబ్బాల్లో, పిలకలు పెట్టుకుంటూ ఎక్కడ పడితే అక్కడ పెరిగే మామూలు మొక్క. కొందరు శాస్త్రజ్ఞులు నా ఒక్కటేదాన్ని కూడా ఈ ఎకినాప్సిస్ ఇంట్లోనే కలిపేశారు. ఆ లెక్కన ఇంటిపేరు వరకు నేను సగం సరైనట్టేనని మేడంకు వివరించబోయాను.

"అన్నా, వద్దు," అంది ఆమె.

బల్బు

సమ్మె ముగిసి కాలేజీ తెరిచారు. కమిటీకి మళ్లీ రోజు కుదిరింది. నేనూ శారద మేడం కలిసి సుబ్బారావు సార్‌కు నిజం చెప్పాం. ఆయన తల పట్టుకున్నాడు.

"ఇప్పుడెలా చెప్పమంటారండీ? ఆయన దాన్ని చూడ్డానికే వస్తున్నాడు. నువ్వే కదయ్యా ఒట్టేసి చెప్పింది!" మొగ్గ వంక చూశాడు. "కమిటీ వచ్చేటప్పటికి ఈ పువ్వు విచ్చుకుని ఉండాలి. అంత పెద్ద పువ్వు కళ్ల ముందుంటే పేరెవడు అడుగుతాడు?"

"పగటి పూట ఇది పూయది సార్," అంది మేడం.

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే నా ఉద్యోగ జీవితం వేరుగా ఉండేది. కానీ నేను లైబ్రరీలో చదివి ఉన్నాను, పగలే పూయిస్తానన్నాను. రాత్రి పూసే కాక్టస్‌కు కొన్నాళ్లు రాత్రంతా వెలుతురు పెట్టి, పగలంతా నల్లటి గుడ్డ కప్పితే, అది పగలును రాత్రి అనుకుని పగలే పూస్తుంది. ఇది నిజం. పుస్తకం తప్పు చెప్పలేదు. ఆ పుస్తకం రాసినాయన ఊళ్లో కరెంటు ఉందంతే.

మా ఊళ్లో లేదు. గనుల్లో సమ్మె జరిగింది కదా, బొగ్గు నిల్వలు ఇంకా నిండలేదు. కోతలు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. పెద్ద బల్బు పెట్టి నేను ల్యాబ్‌లోనే కాపలా పడుకునేవాణ్ని. బల్బు ఆరిపోయేది. లాంతరు వెలిగిస్తే దాని వెలుతురు నా ముక్కు దాకా కూడా వచ్చేది కాదు. భూపాలపల్లిలో గని కార్మికుడైన మా బావ సమ్మయ్యకు ఫోన్ చేశాను. నా భార్యకు అన్న.

"బావా, మానుకోటల రాత్రి కరెంటు పోకుంట ఏమన్న చెయ్యొస్తదా?"

"ఎవలింట్ల పెండ్లి?"

"పెండ్లి గాదు. జెముడు."

"ఏం జెముడు?"

"దానికి రాత్రి పగలనిపియ్యాలె."

"మా చెల్లె నీకు యాళ్లకు అన్నం పెడ్తున్నదా?"

"నవ్వకు బావా, ఒకామె కొలువు ఉన్నది దీని మీద."

"కొలువా? జెముడు మీదనా?" అని, నా గొంతు విని కొంచెం తగ్గాడు. "బావా, మేము గనిలకు దిగినం. బొగ్గు మీదికి రావాలె, పొయ్యిల కాలాలె, అప్పుడు గదా నీ బల్బు. గప్పటిదాంక దానికి జర నచ్చజెప్పు."

నచ్చజెప్పడం కుదరలేదు. ఒక రాత్రి వెలుతురు, ఒక రాత్రి చీకటి. పగలు గుడ్డ మాత్రం క్రమం తప్పకుండా కప్పాను. మొక్కకు ఏమనిపించిందో తెలియదు కానీ నాకు మాత్రం రాత్రీ పగలూ పూర్తిగా తారుమారయ్యాయి. రాత్రి మెలకువ, పగలు ల్యాబ్ బల్ల మీద నిద్ర. ఆ రోజుల్లో పిల్లల ప్రాక్టికల్స్ ఎవరు చూసుకున్నారో నాకు గుర్తులేదు.

గుడ్డ తీసిన పొద్దు

కమిటీ వచ్చింది. ప్రొఫెసరు గారు బక్కపల్చటి మనిషి, ఎక్కువ మాట్లాడరు. ప్రిన్సిపాల్, సుబ్బారావు సార్, ల్యాబ్ నిండా పిల్లలు. మొగ్గ ముందు రోజు సాయంత్రానికే ఉబ్బి తయారుగా ఉంది. తెల్లవారుతూనే దాని మీద గుడ్డ కప్పి, పొద్దున్నే పూస్తుందని సార్‌కు మాటిచ్చాను. సార్ చిన్న ఉపన్యాసం ఇచ్చి నా వైపు చెయ్యి చూపాడు. నేను గుడ్డ లాగాను.

పువ్వు పూసి ఉంది. ఎప్పుడో రాత్రి, కరెంటు పోయి నేను లాంతరు పక్కన కునుకు తీసినప్పుడు, తన వేళకు తాను పూసి పని ముగించుకుంది. ఇప్పుడది తడి చేతిరుమాలు పిండి ఆరేసినట్టు కుండీ అంచు మీద వేలాడుతోంది. ఇన్నేళ్లు పెంచి ఆ పువ్వు విచ్చుకోవడం నేను చూడనే లేదు. గుడ్డ కప్పేటప్పుడైనా చూడాల్సింది. నిద్రకళ్లతో కప్పాను.

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ దగ్గాడు. సుబ్బారావు సార్ ముఖం చూడలేక నేను కుండీ రిబ్బన్ వైపు చూశాను.

"ఇదేనా ఆ మొక్క? దీని పేరేమిటన్నారు?" అని ప్రొఫెసరు గారు శారద మేడంను అడిగారు.

సార్ ఫోన్లో చెప్పిన పేరు ఒకటుంది. ఆ పేరు చెబితే ప్రొఫెసరు గారు నమ్మరు, చెప్పకపోతే సార్ మాట పోతుంది. ఆమె బల్ల మీది బ్లేడు అందుకుంది.

"మేము దీనికి తప్పు పేరు పెట్టినం సార్. ఎట్ల తప్పయిందో చూపిస్త."

వాడిన పువ్వును మొదలంటా కోసి తెల్లటి పళ్లెంలో పెట్టి నిలువునా చీల్చింది. పువ్వు చూడ్డానికి చచ్చింది కానీ లోపల అన్నీ ఉన్నాయి. పొడవాటి గొట్టం మీద పొలుసులు, వాటి చంకల్లో నూగు. లోపల కేసరాలు రెండు వరుసలు, ఒకటి గొట్టం గోడల వెంట, ఇంకొకటి మూతి దగ్గర కడియంలా. తరువాత కుండీని తిప్పి సన్నటి మెడ, లావు తల చూపింది. పువ్వు పక్క నుంచి వచ్చిన చోటు చూపింది.

"నీడల సన్నగ సాగింది సార్. ఆ సన్నదనం చూసి ఇంటిపేరు మార్చినం. ఎండల పెట్టినంక దాని రూపం అదే చెప్పింది. ఇది మామూలు ఎకినాప్సిస్."

"నీడలో పెట్టిందెవరు?"

అందరూ నన్ను చూశారు. నేను ముందుకొచ్చి, ఏ పుస్తకం వాడానో, ఏ ప్రశ్నకు ఏ దారి పట్టానో మొదటి నుంచి చివరి దాకా పొల్లుపోకుండా అప్పజెప్పాను. అడిగింది అది కాదు. ఆయన చివరి దాకా విన్నారు.

"పుస్తకం బాగానే చదివారు. మొక్కే మీకు అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం దానికి నేర్పింది కూడా మీరే."

ఆ తరువాత ఆయన మా మొక్కను వదిలేసి పిల్లల మీద పడ్డారు. బొమ్మజెముడు, నాగజెముడు ముక్కలు కలిపి ఇచ్చి విడదీయమన్నారు. ఒక్కరూ పేరు చెప్పలేదు, ముందు గిచ్చి చూశారు, తరువాత భూతద్దంతో చుక్కలు వెతికారు. పల్చటి కోతలు కోసి, రంగు వేసి, స్లైడ్లు పెట్టి చూపారు. ఆయనకు ముచ్చటేసినట్టుంది.

"ఇవన్నీ ల్యాబ్ అసిస్టెంట్ గారు సిద్ధం చేసి పెడతారా?" అని ముందు బల్ల అమ్మాయిని అడిగారు.

"లేదు సార్, మేమే చేసుకుంటం. యాదగిరి సార్ పగలు నిద్రపోతడు."

తీర్పు

బోటనీ గ్రూపు ఉండాలని తీర్పు వచ్చింది. శారద మేడంను కొనసాగించమన్నారు. సుబ్బారావు సార్ ఆమెతో ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, కొనసాగింపు కాగితం మీద సంతకం మాత్రం అందరికన్నా ముందు చేశాడు. తొందర మనిషికి ఆ తొందర అందం తెచ్చిన రోజు అదొక్కటే నేను చూశాను. పై అధికారుల గురించి నన్నడిగితే, తప్పు చేయించినవాళ్లు చాలామంది దొరుకుతారు. తన మాట కాదన్న మనిషిని తరువాత వేధించనివాళ్లు అరుదు. ఈ అరుదు అన్న మాట ఈసారి సరిచూసుకునే రాస్తున్నాను.

అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది. ఈ కాలేజీలో విద్యార్థులు తమ పని తామే చేసుకుంటున్నందువల్ల ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు అవసరం లేదు, అతణ్ని భూపాలపల్లికి పంపవచ్చు. గ్రూపును కాపాడబోయి నేను మిగులు తేలాను. మా బావకు చెబితే "రా, రా. ఈడ కరెంటుకు కొదువ లేదు," అని ఫోన్లో పడీపడీ నవ్వాడు.

వెళ్లే రోజు బస్టాండుకు శారద మేడం వచ్చింది. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. అలమారాలో పురుగుమందు ఎప్పుడు మార్చాలో, ఏ మైక్రోస్కోపు పిల్లలకు ఇవ్వకూడదో చెబుతూనే ఉన్నాను. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఇగ నాకు తప్పు పేర్లు చెప్పేటోళ్లు ఎవరున్నరు?"

"ఎందుకు మేడం తప్పు పేర్లు?"

"మీరు గంత గట్టిగ చెప్తెనే గదా, నిజమా కాదా అని నేను కోసి చూసేది."

బస్సు తొర్రూరు దాటేదాకా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. దాన్ని ఏ ఇంటిపేరు కింద చేర్చాలో తేలలేదు. మెచ్చుకోలు కిందే రాసుకున్నాను. ఇందులో మాత్రం సరిచూడమని ఎవరినీ అడగలేదు.